మాటలు తీసేస్తే మిగిలేది: గుంటూరులో ఓ గొంతు పెట్టె డైరీ

సంక్రాంతి సెలవుల్లో

ఈసారి చేస్తున్నది ఒక పెట్టె. పైన మూడు బటన్లు, పక్కన హెడ్‌ఫోన్ సాకెట్. మొదటి బటన్ నొక్కితే రికార్డు చేసిన వాక్యం ఉన్నదున్నట్టు వినిపిస్తుంది. రెండోది నొక్కితే అదే వాక్యంలో అక్షరాలు చెరిగిపోయి గొంతు ఒక్కటే మిగులుతుంది, గోడ అవతల పక్కింటివాళ్ళు మాట్లాడుకుంటున్నట్టు. మూడోది దీనికి తిరగేసి. ప్రతి అక్షరమూ స్పష్టంగా ఉంటుంది, ఎత్తుపల్లాలు మాత్రం ఉండవు. వాక్యమంతా ఒకే శ్రుతిలో సాగిపోతుంది.

ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పుకునేవాడివి, నీకు మెదడు గోల ఎందుకని స్టాఫ్ రూములో అడిగారు. పాఠాలు చెప్పేవాడికే ఆ గోల ఎక్కువ. "కూర్చోండి" అని ఒక రోజు అంటే క్లాసంతా కూర్చుంటుంది. ఇంకో రోజు అదే మాటకి వెనక బెంచీలో నవ్వు వినపడుతుంది. మాటలో తేడా ఏమీ లేదు. తేడా అంతా గొంతులోనే ఉంది. పిల్లలు దాన్ని అంత చప్పున ఎట్టా పట్టేస్తారన్నది నాకు ఎప్పటినుంచో ఉన్న అనుమానం.

మాటే అసలు, గొంతు దానికి పైపూత అని మనలో చాలామంది అనుకుంటాం. మెదడు అట్టా అనుకోదు. మాట తీరుని అది విడిగా, అందుకోసమే ఉన్న కణాలతో, అర్థంతో పాటే లెక్క కట్టుకుంటూ పోతుంది. ఆ విడదీత చదివితే సగమే ఎక్కుతుంది. చెవిన పడితే పూర్తిగా ఎక్కుతుంది. అందుకే ఈ పెట్టె.

ముందుగా కొలతలు. గొంతులోని స్వరతంత్రులు సెకనుకి ఎన్నిసార్లు కొట్టుకుంటే అది ఆ గొంతు ప్రాథమిక పౌనఃపున్యం, మన మాటల్లో శ్రుతి. మామూలుగా మాట్లాడేటప్పుడు మగవాళ్ళకి సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్, ఆడవాళ్ళకి 165 నుంచి 255 దాకా, చిన్నపిల్లలకి 300 దరిదాపుల్లో ఉంటుంది. అది పైకీ కిందికీ కదిలితే రాగం. రాగంతో పాటు అక్షరం ఎంతసేపు పలికాం, ఎంత గట్టిగా పలికాం, మధ్యలో ఎక్కడ ఆగాం, గొంతులో ఎంత గరుకుంది, ఇవన్నీ కలిస్తేనే మనం టోన్ అంటున్నది. ఇక హల్లుల్ని ఒకదాన్నించి ఒకటి వేరుచేసే సమాచారం చాలామటుకు 1000 హెర్ట్జ్‌కి పైనే ఉంటుంది. కాబట్టి 400కి పైనున్నది కోసేస్తే మాట పోతుంది, రాగం మిగులుతుంది. రెండో బటన్ మొత్తం ఈ సౌకర్యం మీదే నడుస్తుంది.

రికార్డింగులు

బ్రాడీపేటలో ఇల్లంటే తెల్లారుజామున ఐదింటికి తప్ప మైకు ముందు కూర్చోలేం. ఆరు దాటిందా, పాలవాడి బండి, తోపుడుబండి మీద ముందే రికార్డు చేసి పెట్టుకున్న కూరగాయల కేక, ఆ వెనకే ట్యూషన్లకెళ్ళే పిల్లల హారన్లు. చిన్న గదిలో బట్టల బీరువా తలుపులు తెరిచి, వాటి మీద బొంతలు కప్పి, మధ్యలో మైకు నిలబెట్టాను. ప్రతిధ్వని బాగానే చచ్చింది.

మొదటి గొంతు మా అత్తయ్యది. మాట "నీ ఇష్టం". ఒకసారి మేనల్లుడు ఏ రంగు చొక్కా కొనుక్కోను అని అడిగినప్పుడు చెప్పినట్టు, ఒకసారి ఇంట్లో పెళ్ళి పనులు పెట్టుకుని మావయ్య స్నేహితులతో ఊరెళ్తానన్నప్పుడు చెప్పినట్టు.

"ఇంత తెల్లారకముందే లేపి ఈ మాట చెప్పమంటావేందిరా? మీ మావయ్యని అడగకపోయావా, రోజుకి పదిసార్లు వింటాడు" అంది.

రెండోది ఒక్క టేకులో వచ్చింది. మొదటిదానికే కష్టపడింది.

గీతలు చూడ్డానికి వాడుతున్నది ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బోయర్స్మా, డేవిడ్ వీనింక్ రాసింది. ప్రపంచంలో గొంతు మీద పనిచేసేవాళ్ళలో దీన్ని ముట్టుకోనివాళ్ళు అరుదు. చూడ్డానికి పాతకాలపు ప్రోగ్రాములా ఉంటుంది, పని మాత్రం గట్టిది. అందులో పెట్టి చూస్తే చొక్కా "నీ ఇష్టం" 240 దగ్గర మొదలై మెల్లగా 190కి దిగింది, రెండు ముక్కలూ అతుక్కునే ఉన్నాయి. పెళ్ళిపనుల "నీ ఇష్టం" 215 దగ్గరే మొదలైంది, దిగింది కూడా అంత ఎక్కువేం కాదు. కానీ "నీ"కీ "ఇష్టం"కీ మధ్య సెకనులో ఐదో వంతు నిశ్శబ్దం ఉంది. చివరి "టం" ఠక్కున తెగింది. నేను రాగంలో వెతుకుతున్న కోపం సగం ఆ ఖాళీలో ఉంది. దీనివల్ల మూడో బటన్ ఏం చేస్తుందోనని అప్పుడే అనుమానం వచ్చింది. దాని సంగతి తర్వాత.

రెండో సెట్టు వేరే లెక్కతో చేసింది. 2017లో సైన్స్ పత్రికలో క్లెయిర్ టాంగ్, లిబర్టీ హామిల్టన్, ఎడ్వర్డ్ చాంగ్ ఒక ప్రయోగం ప్రచురించారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో మూర్ఛకి ఆపరేషన్ కోసం మెదడు ఉపరితలం మీద ఎలక్ట్రోడ్లు పెట్టించుకున్న పదిమందికి వాక్యాలు వినిపించారు. నాలుగు వాక్యాలు, ఒక్కోటి నాలుగు తీర్లలో, మూడు గొంతుల్లో. మామూలుగా ఒకటి, మొదటి మాట నొక్కి ఒకటి, మూడో మాట నొక్కి ఒకటి, ప్రశ్నగా ఒకటి. ఆ పట్టికనే మన భాషలో చేద్దామని "రేపు బాబాయి గుంటూరు వస్తాడు" అన్న వాక్యం తీసుకున్నా.

అక్కడో చిక్కు. మనం ప్రశ్నని గొంతుతోనే వదిలెయ్యం, "వస్తాడా" అని మాటే మార్చేస్తాం. మాట మారితే ప్రయోగం చెడుతుంది. కాబట్టి ప్రశ్న బదులు ఆశ్చర్యం పెట్టాను. ఎవరో చెప్పింది నమ్మలేక అదే వాక్యాన్ని తిరిగి అనేటప్పుడు "రేపు బాబాయి గుంటూరు వస్తాడు?" అని చివర ఎత్తుతాం కదా, అది. అక్షరాలు ఒక్కటీ మారవు. గొంతులు అత్తయ్యది, నాది, మేనల్లుడిది.

జనవరి చివర, ఫిల్టర్

సాఫ్ట్‌వేర్‌లో కోసి ఎస్‌డీ కార్డులో వేసుకుంటే ఐదు నిమిషాల పని. కానీ పిల్లలకి చూపించాలంటే సర్క్యూట్ ఉండాలి, ఎదురుగా ఎవరైనా మాట్లాడితే అప్పటికప్పుడు మాట చెరిగిపోవాలి. ఆ సరదా కోసం ఫిల్టర్ చేతితోనే కట్టాను.

మొదట అందరూ కట్టేదే. ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్. 3.9 కిలో ఓమ్‌లు, 0.1 మైక్రోఫారడ్ పెడితే కోత 408 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. పెట్టి వింటే గొంతు బొంగురుపోయింది గానీ మాట మాటలాగే ఉంది. కారణం పుస్తకంలోదే. ఒక మెట్టు ఫిల్టర్‌కి పౌనఃపున్యం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్సే తగ్గుతాయి. 1600 దగ్గరికి వెళ్ళేసరికి తగ్గేది 12. మన చెవి, దాని వెనకున్న మెదడు, 12 డెసిబెల్స్ తగ్గిన హల్లుని వదిలిపెట్టేంత బద్ధకస్తులు కాదు. మిగిలిన వాసన పట్టుకుని వాక్యం మొత్తం లాగేస్తాయి.

కాబట్టి టీఎల్072 అనే ఆప్‌ఆంప్ (సిగ్నల్‌ని పెంచే చిన్న చిప్) ఒకటి తీసుకుని, అందులో ఉన్న రెండు భాగాలతో సాలెన్-కీ అనే రకం ఫిల్టర్ మెట్లు రెండు కట్టాను. మొత్తం నాలుగో ఆర్డర్. ఇప్పుడు రెట్టింపుకి 24 డెసిబెల్స్, 1600 దగ్గర 48. మాట పోయింది. మిగిలింది మూలుగులా ఉంటుంది గానీ ఎవరు మాట్లాడుతున్నారో, ఎంత చిరాకులో ఉన్నారో చెప్పెయ్యొచ్చు. సోల్డరింగ్ ఐరన్ ఇంకా చేతిలో ఉండగానే ఎదురుగా అత్తయ్య ఏదో అంది. హెడ్‌ఫోన్‌లో ఒక్క అక్షరం తెలియలేదు. కాఫీ చల్లారిపోతోందన్న సంగతి మాత్రం తెలిసింది.

ఫోన్ స్పీకర్‌లో ఈ రెండో బటన్ శబ్దం వినిపించబోతే ఏమీ రాదు. అంత చిన్న స్పీకర్ 400 కింద దాదాపు మూగది. హెడ్‌ఫోన్ కావాలి, లేదా పెద్ద డబ్బా స్పీకర్ కావాలి. మా వీధి చివర మైక్ సెట్ బాబాయి షెడ్డులో పదిహేను అంగుళాల డబ్బా ఒకటి ఖాళీగా ఉంటే అక్కడికి మోసుకెళ్ళి వినిపించాను.

"ఇది మన సెట్టులో ట్రెబుల్ మొత్తం తిప్పేసినట్టే ఉందయ్యా. దీనికి ఇంత కష్టమెందుకు?" అన్నాడు.

నిజమే. కాకపోతే ఆయన ట్రెబుల్ నాబ్ ఒక మెట్టుది.

ఆ షెడ్డులోనే ఇంకో సంగతి తేలింది, అసలు ప్రాజెక్టులో లేనిది. పాతరకం టెలిఫోన్ లైను పంపేది 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే. బాబాయి గొంతు ప్రాట్‌లో 120 దగ్గర పడింది. అంటే లైనులో ఆయన అసలు శ్రుతే లేదు. అయినా ఫోన్‌లో ఆయన గొంతు ఆడగొంతులా వినపడదు, ఆయన గొంతులాగే వినపడుతుంది. 120కి రెట్లు 360, 480, 600 లైనులో వస్తున్నాయి. వాటి మధ్య ఎడం అంతా 120. మెదడు ఆ ఎడాన్ని చూసి లేని 120ని తానే నింపుకుంటుంది. కోతులపై జరిగిన పరిశోధనలో దీనికి కణాల స్థాయిలో ఆధారం దొరికింది. 2005లో డేనియల్ బెండర్, షియాచిన్ వాంగ్ మార్మొసెట్ కోతుల శ్రవణ వల్కలంలో (మెదడు పైపొరలో వినికిడి చూసే భాగం), అసలు శ్రుతి శబ్దంలో ఉన్నా లేకపోయినా ఒకేలా స్పందించే కణాలు చూపించారు. ఫిల్టర్‌ని తిరగేసి, కింద 300 కోసి, బాబాయికి ఆయన గొంతే వినిపించాను. శ్రుతి దిగలేదు, ఎక్కలేదు. "ఏం మారింది?" అని అడిగాడు. దానికోసం పెట్టెకి నాలుగో బటన్ కావాలి. పెట్టలేదు, స్థలం లేదు.

శివరాత్రి

కోటప్పకొండ తిరునాళ్ళ. గుంటూరు, నరసరావుపేట చుట్టుపక్కల మైక్ సెట్టన్నది ఒక్కటీ ఊళ్ళో మిగలదు, ప్రభల ముందే ఉంటాయి. షెడ్డుకి తాళం. నేను చదువుకుంటూ కూర్చున్నాను.

గొంతు తీరు మెదడులో ఎక్కడ తేలుతుందన్న ప్రశ్నకి పాత జవాబు కుడివైపు అని. 1979లో ఇలియట్ రాస్, మార్సెల్ మెసులామ్ ఇద్దరు రోగుల గురించి రాశారు. కుడి అర్ధగోళం దెబ్బతిన్నవాళ్ళు. వాళ్ళలో ఒకామె స్కూలు టీచరు. మాట పోలేదు, వ్యాకరణం పోలేదు, కోపం వస్తూనే ఉంది. ఆ కోపం గొంతులోకి మాత్రం రావడం లేదు. క్లాసు అదుపు తప్పింది. ఇంట్లో పిల్లలు వినడం మానేశారు. చివరికి, నాకు కోపంగా ఉంది, ఇది నిజంగానే అంటున్నాను అని మాటల్లో విడిగా చేర్చాల్సి వచ్చిందట. పాఠాలు చెప్పేవాణ్ణి కాబట్టేమో, ఈ కేసు నన్ను వదల్లేదు. రెండేళ్ళ తర్వాత, 1981లో, రాస్ ఈ లోపాలకి అప్రోసోడియా అని పేరుపెట్టి రకాలుగా విడగొట్టాడు. గొంతులో భావం పలికించలేనివాళ్ళు కొందరు, ఎదుటివాళ్ళ గొంతులో భావం పట్టుకోలేనివాళ్ళు కొందరు.

కుడి, ఎడమ అని గీత గీసి కూర్చుంటే కుదరదని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. శ్రుతిలో సన్నని తేడాలకి కుడి శ్రవణ ప్రాంతం మొగ్గు చూపుతుంది, చకచకా మారే కాలపు తేడాలకి ఎడమది. రాబర్ట్ జటోర్ బృందం చెప్పే మాట ఇది. మాట వినేటప్పుడు రెండూ పనిచేస్తూనే ఉంటాయి. 2000లో పాస్కల్ బెలాన్, జటోర్, వాళ్ళ తోటివాళ్ళు నేచర్ పత్రికలో మనిషి గొంతుకి మిగతా శబ్దాలకన్నా ఎక్కువ స్పందించే ప్రాంతాలు చూపించారు. కణత వెనక, పై టెంపోరల్ గాడి వెంట ఉంటాయి. 2005లో డిడియే గ్రాంజాన్ బృందం ఆ చోటుకే కోపం వినిపించింది. మాటలకి అర్థం లేదు, కోపం మాత్రం ఉంది. ఒక చెవిలో కోపపు గొంతు, ఇంకో చెవిలో మామూలు గొంతు పెట్టి, ఏదో ఒక చెవి మీదే ధ్యాస పెట్టమన్నారు. ధ్యాస లేని చెవిలో కోపం పడ్డా కుడివైపు ఆ గాడి స్పందన పెరిగింది. పేపరు చదువుకుంటూ ఇంట్లో ఎవరి మాటా వినని మావయ్య, వంటింట్లో గొంతు మారగానే తలెత్తడం గుర్తొచ్చింది.

శాన్‌ఫ్రాన్సిస్కో ప్రయోగం దగ్గర ఎక్కువసేపు ఆగాను, నా రెండో సెట్టు దానిదే కాబట్టి. పై టెంపోరల్ మడతలో కొన్ని ఎలక్ట్రోడ్ల కింది చోట్లు వాక్యంలో ఏ అక్షరాలున్నాయో పట్టించుకోలేదు, మాట్లాడింది ఆడో మగో పట్టించుకోలేదు, గొంతు ఎట్టా ఎక్కి ఎట్టా దిగిందన్నదానికే స్పందించాయి. పక్కన ఇంకో చోటికి అక్షరాలే కావాలి, ఇంకోదానికి మాట్లాడినవాళ్ళెవరో కావాలి. అక్షరాలు తీసేసి ఉత్త శ్రుతి గీత వినిపించినా రాగం చోట్లు అదే స్పందన ఇచ్చాయి. నా రెండో బటన్ చేసేది దాదాపు ఇదే.

ఇందులో అసలు కీలకం వేరే ఉంది. ఆ కణాలు కొలిచేది అసలు శ్రుతిని కాదు, ఆ మనిషి మామూలు శ్రుతి నుంచి ఎంత కదిలిందన్నది. నా రికార్డింగుల్లోనే చూడండి. నేను ఆశ్చర్యంతో "వస్తాడు?" అన్నప్పుడు ఎత్తింది 170 దాకా. అత్తయ్య ఏ ఆశ్చర్యమూ లేకుండా "వస్తాడు" అన్నది 200 పైన. హెర్ట్జ్‌లు చూసే యంత్రం అత్తయ్యే ప్రశ్న అడిగిందంటుంది. వినేవాళ్ళెవరూ అట్టా పొరబడరు. నాలుగు అక్షరాలు వినేలోపే మెదడు ఆ గొంతుకి నేల ఎక్కడుందో చూసుకుని అక్కణ్ణించి కొలుస్తుంది.

2025లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో భరత్ చంద్రశేఖరన్ బృందం పని వచ్చింది. ఇదీ మూర్ఛ ఆపరేషన్‌కి వచ్చిన రోగులతోనే. మెదడు లోపల ఎలక్ట్రోడ్లున్న పదకొండు మంది కౌమారవయసు పిల్లలకి ఒక పిల్లల కథ ఆడియో వినిపించారు. వాక్యంలో ఏ మాట మీద గొంతు ఎత్తి నొక్కుతామో ఆ నొక్కులని హెష్ల్ మడత విడివిడి రకాలుగా గుర్తిస్తోందని తేలింది. హెష్ల్ మడతంటే మెదడు పైపొరలో శబ్దం మొట్టమొదట చేరే చోటు, శ్రుతిని కొలిచే చోటని పేరు. అర్థంతో ముడిపడిన పని ఇంత ముందుగా మొదలవుతుందని అంతకుముందు అనుకోలేదు. కోతులకి అదే కథ వినిపిస్తే వాటి మెదడులో ఈ రకాల గుర్తింపు కనిపించలేదు. శబ్దం అదే అయినా, మాటతో పెరిగిన అనుభవం లేదు మరి.

మార్చి, వినిపించడం

ఎండలు మొదలయ్యాయి. పెట్టె తీసుకుని తిరిగాను. ఇంట్లోవాళ్ళు, అత్తయ్య గుడి స్నేహితులు, మేనల్లుడి క్లాస్‌మేట్లు, మిర్చి యార్డులో కాటా వేసే మా దూరపు బంధువు, పక్కన అపార్ట్‌మెంటు కడుతున్న ఒక బెంగాలీ కుర్రాడు. ఇది పరిశోధన కాదు, అంకెలు రాయను. చూసింది రాస్తాను.

రెండో బటన్‌లో కోపం ఎవరికీ కష్టం కాలేదు. బెంగాలీ కుర్రాడికి తెలుగు కూలీ లెక్కల వరకే వచ్చు. వాడూ వెంటనే పట్టాడు. కానీ అత్తయ్య రెండో "నీ ఇష్టం" దగ్గర వాడు బాధ అన్నాడు. గుడి స్నేహితురాళ్ళు నవ్వేశారు, ఒక్కరూ తప్పు చెప్పలేదు. ఒకావిడైతే "ఎవరితో గొడవైంది, ఆయనతోనా?" అని అత్తయ్యనే అడిగింది. పచ్చి కోపం అందరిదీ. అలక మాత్రం ఊరిది. 2001లో ఈ సంగతిని పెద్ద ఎత్తున చూశారు. క్లాస్ షెరర్, రైనర్ బాన్జె, హరాల్డ్ వాల్‌బాట్ జర్మన్ నటులతో అర్థంలేని వాక్యాలు చెప్పించి తొమ్మిది దేశాల్లో వినిపించారు. సగటున 66 శాతం సరిగ్గా చెప్పారు. జర్మనీవాళ్ళు అందరికన్నా ముందున్నారు, ఇండోనేషియావాళ్ళు అందరికన్నా వెనక. భాష దూరమైనకొద్దీ గుర్తింపు తగ్గింది, కానీ ఎక్కడా గుడ్డి ఊహ స్థాయికి పడిపోలేదు.

మూడో బటన్ దగ్గరే నా అనుమానం నిజమైంది. ప్రాట్‌లో వాక్యాన్ని తెరిచి, శ్రుతి గీత మీద చుక్కలన్నీ చెరిపేసి, ఒక్క చుక్క 200 దగ్గర పెట్టి మళ్ళీ శబ్దంగా మారిస్తే రాగం పోతుంది. "రేపు బాబాయి గుంటూరు వస్తాడు" వాక్యంలో ఆశ్చర్యం పూర్తిగా మాయం, ఏది మామూలో ఏది ఆశ్చర్యమో ఎవరూ చెప్పలేకపోయారు. "నీ ఇష్టం" మాత్రం చెక్కుచెదరలేదు. రాగం లేకపోయినా ఆ మధ్య ఖాళీ ఉంది, ఆ తెగిన "టం" ఉంది. కాటా బంధువు విని, "ఈ మాట అన్నాక ఎవడూ ఊరికి పోడు" అన్నాడు. కాబట్టి మూడో బటన్‌కి "టోన్ లేకుండా" అని చీటీ అంటిస్తే అబద్ధం అవుతుంది. "శ్రుతి లేకుండా" అని మార్చాను. నిడివి కూడా సమం చేసే నాలుగో రకం చేసి చూశాను గానీ అది మనిషి మాటలా లేదు, వినేవాళ్ళు ఆ వింతకే నవ్వుతున్నారు. వదిలేశా.

ఈ రెండో బటన్ లాంటి దానితోనే ఒక గట్టి పని జరిగింది. నళిని అంబాడీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, భారతదేశంలో పుట్టి అమెరికాలో పనిచేశారు, 2013లో పోయారు. ఆమె బృందం సర్జన్లు రోగులతో మాట్లాడిన రికార్డింగుల్లోంచి పది సెకన్ల ముక్కలు తీసి, మాటలు తెలియకుండా ఫిల్టర్ చేసి, గొంతులో పెత్తనం ఎంతుందో చెప్పమని బయటివాళ్ళకి వినిపించింది. 2002లో అచ్చయింది. గొంతులో పెత్తనం ఎక్కువుందని విన్నవాళ్ళు చెప్పిన సర్జన్లే, గతంలో రోగుల చేత కేసులు వేయించుకున్నవాళ్ళలో ఎక్కువగా ఉన్నారు. వైద్యం ఎట్టా చేశారన్నది ఆ ముక్కల్లో లేనే లేదు. మా ఊళ్ళో సందుకో ఆసుపత్రి కాబట్టి ఈ సంగతి చెప్పగానే అందరికీ చెప్పడానికి ఒక డాక్టరు కథ ఉంటుంది. పెట్టె పక్కన పడిపోయి మాటలు అటు వెళ్ళిపోతాయి. ఇంక చెప్పడం మానేశాను.

ఏప్రిల్, తలకి వైర్లు

పెట్టెతో ఆగొచ్చు. కానీ మేనల్లుడు ఊరుకోలేదు, తన మెదడు చూపించమన్నాడు.

ఒంట్లోని సన్నని విద్యుత్ సంకేతాల్ని పెంచి చూపించే బయో యాంప్లిఫయర్ బోర్డు, చవకలో దొరికేది, ఒకటి తెచ్చాను. నడినెత్తిన ఒక ఎలక్ట్రోడ్, చెవి వెనక ఎముక మీద ఒకటి, నుదుటి మీద ఎర్త్. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదే ఉండాలి, ఛార్జర్ తీసెయ్యాలి. తలకి తగిలించే దేన్నీ గోడ కరెంటుకి కలపకూడదు, ఇందులో సర్దుబాటు లేదు. ముందు పరీక్షగా ఎలక్ట్రోడ్‌ని తల వెనక్కి జరిపి కళ్ళు మూయమన్నాను. 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య ఆల్ఫా అలలు లేచాయి. కళ్ళు తెరిస్తే తగ్గాయి. బోర్డు పనిచేస్తోంది.

అసలు పరీక్ష ఫిన్లాండ్ శాస్త్రవేత్త రిస్టో నాటానెన్ బృందం 1978లో బయటపెట్టినది. ఒకే శబ్దం వరసగా వస్తూ మధ్యలో ఎప్పుడో ఒకసారి మారితే, మనిషి వినకుండా వేరే పనిలో ఉన్నా, మార్పు వచ్చిన 150 నుంచి 250 మిల్లీసెకన్లలో మెదడు నుంచి చిన్న రుణ తరంగం వస్తుంది. పరిమాణం కొద్ది మైక్రోవోల్టులు. శబ్దం బదులు నేను అత్తయ్య "ఆఁ" తీసుకున్నాను. పిలిస్తే పలికినట్టు కిందికి దిగే "ఆఁ" వరస, మధ్యలో అక్కడక్కడా ఏంటీ అన్నట్టు పైకెక్కే "ఆఁ". నిడివి, గట్టిదనం రెండు "ఆఁ"లకీ ఒకటే చేశాను. శ్రుతి గీత ఒక్కటే తేడా. మేనల్లుడి ముందు ఫోన్‌లో క్రికెట్, సౌండు తీసేసి.

పెట్టెలో వాడిన ఎంపీత్రీ మాడ్యూల్ ఇక్కడ పనికిరాదు. ప్లే అన్నాక ఎప్పుడు మొదలుపెడుతుందో దానిష్టం, ఒకసారికీ ఇంకోసారికీ పదుల మిల్లీసెకన్లు తేడా వస్తాయి. దానికో ఉపాయం ఉంది. స్టీరియో ఫైలు చేసి ఎడమ ఛానల్లో "ఆఁ", కుడి ఛానల్లో దాని మొదటి క్షణంలోనే ఒక పల్స్ పెట్టాను. ఎడమది రెండు చెవులకీ, కుడిది నేరుగా బోర్డు రెండో ఇన్‌పుట్‌కి. ఇక ఆలస్యం ఎంతైనా రెండూ కలిసే వస్తాయి.

మిగిలిన శత్రువు ఇంటి కరెంటు తాలూకు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైటు, ఫ్యాను, ఫ్రిజ్, అన్నీ గీతలో కనపడతాయి. గుంటూరు ఏప్రిల్‌లో ఫ్యాను ఆపి కూర్చోబెడితే వాడు గొణిగాడు.

"మావయ్యా, ఫ్యాను వేస్తే మెదడు పనిచెయ్యదా?"

చెమటకి ఎలక్ట్రోడ్లు జారి గీత మెల్లగా తేలిపోవడం ఇంకో బాధ. ఫ్యాను వేసి, కరెంటు గోలని సాఫ్ట్‌వేర్‌లో ఆ ఒక్క పౌనఃపున్యాన్నే కోసే నాచ్ ఫిల్టర్‌తో తీయడమే మేలని తేలింది.

ఒక్కో "ఆఁ"కి వచ్చిన తరంగం చూస్తే ఏమీ ఉండదు, అంతా గోలే. వందలు పోగుచేసి సగటు తీస్తే గోల ఒకదాన్నొకటి కొట్టేసుకుని అసలుది తేలుతుంది. పైకెక్కే "ఆఁ" సగటులోంచి దిగే "ఆఁ" సగటు తీసేస్తే 200 మిల్లీసెకన్ల దగ్గర ఒక లోయ కనిపించింది. వాడు ఎగిరి గంతేశాడు. నేను డేటాని సరి, బేసిగా రెండు సగాలు చేసి మళ్ళీ గీశాను. ఒక సగంలో లోయ బాగానే ఉంది, ఇంకో సగంలో పక్కనున్న గుంటలకన్నా లోతేం కాదు. అందుకని దీన్ని ఫలితం అని గోడకి అంటించను. ఇంకా పోగుచెయ్యాలి, అదీ వర్షాలు పడ్డాక.

గీత మీద ఆ సమయం గుర్తు మాత్రం వాడికి చూపించాను. 200 మిల్లీసెకన్లు. సిల్కె పాల్మన్, సోన్యా కోట్జ్ 2008లో చూపించిన ప్రకారం, భావం ఉన్న గొంతుకీ లేని గొంతుకీ మెదడు తరంగాల్లో తేడా వచ్చేదీ ఇంచుమించు ఆ సమయంలోనే. "కూర్చోండి"లో నేను మూడో అక్షరం దాటకముందే అన్నమాట.

ప్రస్తుతం

పెట్టెలో ఒక లోటు మిగిలింది. మా వీధిలో చిన్నపిల్ల ఒకతె వచ్చి మైకులో మాట్లాడితే రెండో బటన్‌లో ఈలలాంటి పలచని శబ్దం తప్ప గొంతు వినపడలేదు. పెద్దవాళ్ళలో చాలామందికి 400 కిందో, ఆ దరిదాపుల్లోనో ప్రాథమిక శ్రుతితో పాటు దాని రెట్టింపు, కొందరికి మూడింతలు కూడా పడతాయి. ఆమె శ్రుతే 300, రెట్టింపు 600, అది కోతలో పోయింది. పిల్లల గొంతుకి కోత 650 దాకా జరగాలి.

జరపాలంటే నాలుగో ఆర్డర్‌లో నాలుగు రెసిస్టర్లూ ఒకేసారి మారాలి. ఒకే నాబ్‌తో నాలుగు రెసిస్టెన్సులూ కలిపి తిప్పే నాలుగు గ్యాంగుల పాట్ గుంటూరులో దొరకలేదు, విజయవాడలో అడిగితే తెప్పిస్తామని పెట్టె ఖర్చంత చెప్పారు. దాని బదులు నాలుగు పోల్ రోటరీ స్విచ్ పెట్టి, 400కి ఒక సెట్టు, 650కి ఒక సెట్టు రెసిస్టర్లు సోల్డర్ చేస్తున్నాను. 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు అవే ఉంటాయి, 650కి లెక్క 2.45 కిలో ఓమ్‌లు వస్తోంది, 2.4 పెడితే చాలు. స్విచ్ వచ్చింది. పెట్టె పైన రంధ్రం పెద్దది చెయ్యాలి, దానికి డ్రిల్లు మైక్ సెట్ బాబాయి దగ్గరుంది.